ఒక పేజీలో ఒక జీవితం – 5వ పాఠం: పదవులు పక్కన పెట్టి పనిని పట్టుకోవడం

పోయిన పాఠంలో మీ ఊరి సర్పంచ్‌గానో ఎంపీటీసీగానో చేసిన ఒకరి గురించి ఒక పేజీ రాయమన్నాను కదా, ఆ కాగితం తీసి మొదటి పేరా మళ్ళీ చదవండి. ఫలానా ఏడాది పుట్టారు, ఫలానా ఏడాది గెలిచారు, మళ్ళీ గెలిచారు, అందరితో కలుపుగోలుగా ఉండేవారు... ఇలా ఉంటే అది బయోడేటా. అక్కడ పేరు కొట్టేసి ఇంకో పేరు పెట్టినా తేడా తెలీదు. ఈ జబ్బుకి మందే ఈ పాఠం.

ఉదాహరణకి టెక్సస్ మనిషిని తీసుకుంటున్నాను. మనకి తెలిసిన నాయకుడైతే చదవకముందే అభిమానమో కోపమో అడ్డం వస్తుంది, ఈయన మీద మనకి ఏదీ లేదు. పేరు డాల్ఫ్ బ్రిస్కో. వేల ఎకరాల గడ్డిభూముల్లో పశువుల్ని మేపే ఆసామిని అక్కడ రాంచర్ అంటారు, ఈయన ఆ కుటుంబంలో పుట్టినవాడు.

ముందు దొరికిందంతా ఒకచోట కుప్ప పోయండి, అందంగా ఉండక్కర్లేదు. 1923లో యువాల్డే అనే ఊళ్ళో పుట్టారు, అమెరికా ఉపాధ్యక్షుడిగా చేసిన జాన్ నాన్స్ గార్నర్‌దీ అదే ఊరు, రెండో ప్రపంచ యుద్ధంలో సైన్యంలో చేరి చైనా-బర్మా-ఇండియా రంగంలో పనిచేశారు, 1949 నుంచి 1957 దాకా టెక్సస్ ప్రతినిధుల సభలో ఉన్నారు, తర్వాత మళ్ళీ పశువుల దగ్గరికి, 1968లో గవర్నర్ పదవికి పార్టీ టికెట్ కోసం పోటీపడి ఓడిపోయారు, 1972లో గెలిచి 1979 జనవరి దాకా గవర్నర్‌గా ఉన్నారు, 2010లో పోయారు.

ఇప్పుడు ఈ కుప్పని ఒకే ప్రశ్న అడగండి. పాత పనిలో ఈ మనిషిని సతాయించిన కష్టం ఏది, దాన్ని పట్టుకుని ఎక్కడిదాకా వెళ్ళాడు?

ఒక జవాబు బురద. వానొస్తే పల్లె దారులు కదలనివ్వవు, పశువులైనా పంటైనా సంతకి చేరాలంటే రోడ్డు కావాలి, ఇది మనకి ఎవరూ విడమర్చి చెప్పక్కర్లేదు. సభలో అడుగుపెట్టిన మొదటి ఏడాదే, 1949లో, సెనేటర్ నెవిల్ కోల్సన్ అనే ఆవిడా ఈయనా కలిసి ఒక చట్టం తెచ్చారు, దాన్ని కోల్సన్-బ్రిస్కో చట్టం అంటారు. పల్లె రోడ్లకి ఏటా 1.5 కోట్ల డాలర్లు విడిగా పెట్టాలని అందులో ఉంది. ఇలా పొలాల నుంచి సంతకి వెళ్ళే పల్లె రోడ్లు (అక్కడ ఫార్మ్ టు మార్కెట్ రోడ్లు అంటారు) అంతకుముందే ఉన్నాయి, కాబట్టి ఈయనే కనిపెట్టాడని రాయకూడదు, నికరంగా డబ్బొచ్చే దారి వేశాడని రాయాలి. ఈ తేడా దగ్గరే చాలామంది జారిపోతారు.

రెండో జవాబు ఒక ఈగ. స్క్రూవార్మ్ అంటారు. పశువు ఒంటి మీద చిన్న గాటు ఉన్నా, అప్పుడే పుట్టిన దూడ బొడ్డు పచ్చిగా ఉన్నా, అక్కడ గుడ్లు పెడుతుంది, పురుగులు బతికున్న మాంసాన్నే తింటాయి. మన దగ్గర కూడా పశువు పుండుకి పురుగు పట్టడం చూసినవాళ్ళే కదా (మనది వేరే జాతి ఈగ). వేల పశువులున్నచోట ఒక్కోదాన్ని పట్టుకుని పుండు కడగడమంటే ఊహించుకోండి. ఆడ ఈగ జన్మలో ఒక్కసారే జత కడుతుందని ఎడ్వర్డ్ నిప్లింగ్, రేమండ్ బుష్‌లాండ్ అనే శాస్త్రవేత్తలు గమనించారు. మగ ఈగల్ని రేడియేషన్‌తో గొడ్డుబోయేలా చేసి కోట్ల లెక్కన వదిలితే, వాటితో జత కట్టిన ఆడ ఈగ గుడ్లు పొదగవు. 1950ల్లో కురసావ్ దీవిలో, తర్వాత ఫ్లోరిడాలో ఇది పనిచేసింది. టెక్సస్‌కి తేవాలంటే డబ్బు కావాలి, ప్రభుత్వం ఇచ్చేదాకా ఆగకుండా పశువుకి ఇంత అని రాంచర్లే చందాలు వేసుకున్నారు, వాళ్ళని కూడగట్టడంలో ముందు నిలబడింది బ్రిస్కో. 1962లో మిషన్ అనే ఊరి దగ్గర ఈగల ఫ్యాక్టరీ మొదలైంది. అప్పటికి ఆయన సభలో లేరు. పదవుల వరసలో రాస్తే ఈ ముక్క ఎక్కడా ఇమడదు, నా లెక్కలో మాత్రం ఆయన జీవితంలో అన్నిటికన్నా పెద్ద పని ఇదే.

ఇక చేదు సంగతి. యువాల్డే పక్క జిల్లా జవాలా. అక్కడ మెక్సికన్-అమెరికన్ల పార్టీ రాజా ఉనిదా గెలిచి, ఫెడరల్ నిధులతో సహకార వ్యవసాయ క్షేత్రం పెట్టబోతే, గవర్నర్‌గా ఉన్న ఈయన దాన్ని కమ్యూనిస్టు క్యూబాతో పోల్చి అడ్డుపడ్డారు. రోడ్లకి ప్రభుత్వ సొమ్ము కావాలన్న మనిషే! దీన్ని దాచిపెట్టొద్దు, చివర ఒక వాక్యంలో మొక్కుబడిగా పడెయ్యొద్దు. ఆ రెండు పనుల పక్కనే పెట్టండి, ఎవరి కష్టం ఆయనకి కనిపించిందో, ఎవరిది కనిపించలేదో చదివేవాళ్ళే చూసుకుంటారు.

వారసత్వం గురించి రాసేటప్పుడు విగ్రహాలూ భవనాల పేర్లూ చివరికి ఉంచండి (ఆస్టిన్‌లోని యూనివర్సిటీలో ఒక చరిత్ర కేంద్రానికి ఈయన పేరుంది, అంతవరకు చాలు). ఇవాళ్టికీ నడుస్తున్నది ఏదో వెతకండి. టెక్సస్ పల్లె దారిలో నల్ల పలక మీద తెల్లగా రాష్ట్రం బొమ్మ, అందులో రోడ్డు నంబరు కనిపిస్తుంది. అలాంటి రోడ్లు ఇప్పుడు 40 వేల మైళ్ళు దాటాయి. ఈగ సంగతి ఇంకా చిత్రం. అమెరికాలో 1980ల తొలినాళ్ళకే దాన్ని తరిమేశారు, కానీ 2024 నవంబరులో మెక్సికోలో మళ్ళీ బయటపడటంతో అమెరికా అక్కడి పశువుల దిగుమతి ఆపేసింది. అప్పటి పద్ధతే ఇప్పుడూ ఆధారం.

ఈ వారం పని: మీ సర్పంచ్ గారి పేజీలో పదవుల వాక్యాలన్నీ కొట్టేయండి. ఆయన అంతకుముందు ఏం చేసేవారో, పాలవ్యాపారమో, లారీ నడపడమో, పాఠాలు చెప్పడమో, అక్కడ మొదలుపెట్టి 150 మాటల్లో మళ్ళీ రాయండి. ఆయనకి కనిపించని కష్టం ఒకటైనా అందులో ఉండాలి. 6వ పాఠంలో ఆ సంగతి ఇంటివాళ్ళని ఎలా అడగాలో చూద్దాం, అది కొంచెం టెన్షన్ పని.