సమాధి రాయిలో దాగిన పాత శిల్పాన్ని ఎలా గుర్తించాలి?

స్కాట్లాండ్‌లోని పాత చర్చి ఆవరణల్లో కొన్ని సమాధి రాళ్ల వయసు వాటి మీద చెక్కిన తేదీ కన్నా వందల ఏళ్లు ఎక్కువ. గ్లాస్గోలోని గోవన్ ఓల్డ్ చర్చిలో 9–11 శతాబ్దాల శిలువ పలకల మీద ఎన్నో తరాల తర్వాతివాళ్ల పేర్లు, పొడి అక్షరాలు కనిపిస్తాయి. అలాంటివి పసిగట్టడం కష్టమేం కాదు.

ముందు పేరు, తేదీ చదవండి. తర్వాత వాటితో పొంతన లేని గీతల కోసం చూడండి: ఒకదాని కింద ఒకటి దూరుతూ పోయే తాళ్ల అల్లిక, వలయమున్న శిలువ. పిక్టుల (ఉత్తర స్కాట్లాండ్‌లో ఉండిన పాత జాతి) రాయైతే జంట చక్రాలు, నెలవంక, అద్దం, దువ్వెన ఉండొచ్చు. అక్షరాలు అల్లికను కోసుకుంటూ పోతే అల్లికే ముందుది. బొమ్మ అంచు దగ్గర సగంలో తెగినా, తలకిందులుగా ఉన్నా గట్టిగా అనుమానించాల్సిందే.

మిట్టమధ్యాహ్నం వెళ్తే ఏమీ కనబడదు. పొద్దునో సాయంత్రమో, ఏటవాలు ఎండలో చూడాలి. మబ్బు పడితే (అక్కడ అది మామూలే) టార్చిని రాయికి దాదాపు ఆనించి, పక్కనుంచి వెలిగించండి. కెమెరాను కదపకుండా, టార్చిని ఒక్కోసారి ఒక్కో వైపు నుంచి వెలిగిస్తూ నాలుగైదు ఫొటోలు తీస్తే అరిగిన గీతలు కూడా తేలతాయి. కొలత తెలిసేలా పక్కన స్కేలు పెట్టండి.

వెనక వైపు చూడకుండా మాత్రం రావద్దు. ఉత్తర స్కాట్లాండ్‌లోని హిల్టన్ ఆఫ్ క్యాడ్‌బాల్ ఊళ్లో దొరికిన పిక్టుల రాయి సుమారు క్రీ.శ. 800 నాటిది. ఒక ముఖం మీది శిలువను పూర్తిగా చెక్కి తీసేసి, అలెగ్జాండర్ డఫ్ అనే ఆయనకూ ఆయన ముగ్గురు భార్యలకూ సమాధి రాయిగా మలిచారు. దాని మీది తేదీ 1676. రెండో ముఖం మీద వేట దృశ్యం, గుర్రమెక్కిన స్త్రీ అలాగే మిగిలాయి. ఆ రాయి ఇప్పుడు ఎడిన్‌బరోలోని నేషనల్ మ్యూజియంలో ఉంది. 2001 తవ్వకాల్లో ఆ ఊరి పాత ప్రార్థనాలయం దగ్గర దాని అడుగు భాగం, ఉలి దెబ్బలకు రాలిన ముక్కలు వేల సంఖ్యలో దొరికాయి. డఫ్ మీద కోపం రావడం సహజమే కానీ, ఆ పేరు కూడా ఇప్పుడు రాయి చరిత్రే. మీ నోట్‌లో రెండు కాలాలూ రాయండి.

నాచు గీకొద్దు, సుద్దతో గీతలు దిద్దొద్దు, కాగితం పెట్టి రుద్దొద్దు. పడిపోయిన రాయిని ఎత్తే ప్రయత్నం అసలే వద్దు. ఫొటోలు, చోటు వివరాలు స్థానిక కౌన్సిల్ పురావస్తు విభాగానికి పంపండి. విడి ముక్క కంటపడితే జేబులో వేసుకోకండి. అలాంటి పురావస్తువు స్కాట్లాండ్ చట్టం ప్రకారం రాచరికానికి చెందుతుంది, దొరికిన పురావస్తువులను చూసే ట్రెజర్ ట్రోవ్ విభాగానికి తెలపాలి.