దీవి కాటేజీకి స్నేహితులతో వెళ్తున్నారా?

సామాన్ల జాబితా ఒక్కరే రాయండి. నలుగురు రాస్తే ఉప్పు నాలుగు ప్యాకెట్లు వస్తుంది, అగ్గిపెట్టె ఒక్కటీ రాదు. దానికోసం మళ్లీ పడవెక్కాలి.

సరస్సు ఉదయాన్నే దాటేయండి. ఎండెక్కాక చాలాసార్లు గాలి లేస్తుంది. బరువైన సంచులు పడవ అడుగున, మధ్యలో సర్దండి. లైఫ్ జాకెట్ ఒడిలో పెట్టుకుంటే లాభం లేదు, వేసుకుని బకిల్ బిగించాలి. ఈ విషయంలో ఈత బాగా వచ్చినవాళ్లతోనే నాకు ఎక్కువ గొడవ!

సరస్సు నీళ్లు ఎంత తేటగా కనిపించినా అలాగే తాగొద్దు. గుడ్డతో వడగట్టి, తెర్లడం మొదలయ్యాక ఒక నిమిషం మరగనివ్వండి. 2,000 మీటర్లకు పైన ఎత్తులో ఉంటే మూడు నిమిషాలు. గిన్నెలు ఒడ్డున తోమకండి. నీటికి 60 మీటర్ల దూరంలో కడిగి, ఆ నీళ్లు నేల మీద పారబోయండి.

వంట వంతులు మొదటి రాత్రే తేల్చుకోండి. మొహమాటపడితే ఒక్కరే పొయ్యి దగ్గర మిగిలిపోతారు, అది నాకు అస్సలు నచ్చదు.