లంక ఇసుకలో లైన్‌బ్యాకర్ టాకిల్

అమెరికన్ ఫుట్‌బాల్‌లో లోపలి లైన్‌బ్యాకర్ అంటే రక్షణ జట్టు మధ్యలో ఉండే ఆటగాడు; బంతి పెట్టిన గీతకు నాలుగైదు గజాల వెనక నిలబడి, బంతితో వచ్చేవాణ్ణి పట్టి పడేస్తాడు. ఆ పట్టే టాకిల్. కోనసీమ కబడ్డీ కుర్రాళ్లకు ఈ పని సగం వచ్చినట్టే. మిగతా సగం పాత అలవాటు మాన్పించడం. తల దించి చీలమండ మీదకి దూకితే ఎదురొచ్చేవాడి మోకాలు నెత్తికి తగులుతుంది, మెడకు ప్రమాదం. 2018 నుంచి ఎన్‌ఎఫ్‌ఎల్‌లో (అమెరికా ప్రొఫెషనల్ ఫుట్‌బాల్ లీగ్) తల దించి హెల్మెట్‌తో గుద్దడం ఫౌల్ కూడా.

టాకిల్ సాధన కోత అయిన చేలో వద్దు: దుబ్బులు గుచ్చుకుంటాయి, నెర్రెల్లో కాలు మడతపడుతుంది. గోదారి లంక ఇసుక మేలు. గోనెసంచిలో ఎండుగడ్డి కూరి, నడుమెత్తున ఒకరు పట్టుకోవాలి. టాకిల్ చేసేవాడు పాదాలు భుజాలంత ఎడం పెట్టి, మోకాళ్లు వంచి, వీపు గూనిపోకుండా, చూపు ఎదుటివాడి బొడ్డు మీద. భుజాలు మోసం చేస్తాయి, బొడ్డు చేయదు. దగ్గరయ్యాక అడుగులు చిన్నవి చేసి, తల పైకెత్తి పక్కకు పెట్టి, భుజం ఆనించి, రెండు చేతులూ చుట్టేసి అయిదడుగులు నెట్టాలి. చాలామంది చుట్టగానే కాళ్లు ఆపేస్తారు. పట్టు జారేది అక్కడే. ఒక్కో భుజానికి పది చాలు.

ఇసుకలో కాళ్లు మందగిస్తాయి, అందుకని అడుగుల సాధన గట్టి నేల మీద వేరే చేయించండి. దెబ్బ తగిలాక తల తిరిగితే ఆ రోజుకి ఆట ఆపి డాక్టరుకు చూపించాలి.