తోటి పశువైద్యులకు పూరక వైద్యం (మామూలు చికిత్సకు తోడుగా చేసేది) గురించి చెప్పాలంటే

నా మాట విని హోమియోపతితో మొదలుపెట్టకండి. 30సి మందులో, అంటే ముప్పైసార్లు వందో వంతుకు పలచన చేసినదానిలో, అసలు పదార్థం ఒక్క అణువు కూడా మిగలదు కదా అని ఎవరో ఒకరు అడిగి తీరుతారు. నిజమేనని ఒప్పుకోండి. ప్లాసిబోను (మందేమీ లేని ఉత్తుత్తి మాత్రను) మించి పనిచేస్తుందనడానికి గట్టి ఆధారం లేదన్న సంగతీ మీరే చెప్పేయండి.

ఫిజియోథెరపీ చూపించండి. కీళ్లవాతం ఉన్న ముసలి కుక్కను తీసుకోండి. నొప్పి మందు ఆపొద్దు. మొదటి రోజే అది లేచి నిలబడుతుండగా వీడియో తీయండి, వెనక కాలు మీద బరువు వేస్తోందో లేదో కనబడాలి. తొడ చుట్టుకొలత టేపుతో కొలిచి రాసుకోండి. కొన్ని వారాల తర్వాత అదే నేల మీద మళ్లీ తీసి, రెండూ పక్కపక్కన పెట్టండి. "హుషారుగా ఉందండీ" అని యజమాని అంటే సంతోషమే, కానీ అది రుజువు కాదు.

పొదుగువాపు, కడుపు ఉబ్బరం లాంటి కేసుల్లో మాత్రం అసలు వైద్యం ఆలస్యం చేయడానికి నేను ససేమిరా ఒప్పుకోను.