బ్యాటరీ తిరగేసి తగిలిస్తే: బండిలో ఏం కాలిందో ఒక బల్బుతో తేల్చుకోవచ్చు

ఒంగోలు పక్కన కొత్తపట్నం వైపు రొయ్యల గుంటల దగ్గర తిరిగే బండ్లకు ఉప్పుగాలి పెద్ద శత్రువు. క్లాంపులు తుప్పు పడతాయి, పైన పూత కమ్ముతుంది, ప్లస్ ఏదో మైనస్ ఏదో కనపడదు. నిరుడు వానల్లో, రాత్రిపూట ఫోన్ లైటు పట్టుకుని మా పికప్‌కు బ్యాటరీ నేనే తిరగేసి బిగించాను. ఫట్‌మని నిప్పురవ్వలు, కాలిన వాసన, అంతే. బండి నిండా మేత బస్తాలు, ఎంత టెన్షన్ పడ్డానో చెప్పలేను.

ఇలా జరిగితే ముందు తాళం తీసేసి, బాడీకి పోయే ఎర్త్ కేబుల్ విప్పండి, తర్వాత రెండోది. బ్యాటరీ ఉబ్బినా, యాసిడ్ కారుతున్నా దాన్ని మళ్లీ వాడొద్దు. బాగుంటే మల్టీమీటర్ పెట్టి చూడండి. 12.4 నుంచి 12.7 వోల్టులు ఉంటే బ్యాటరీకి ఢోకా లేదు.

సమస్య: తాళం తిప్పితే డ్యాష్‌బోర్డులో ఒక్క లైటూ వెలగదు.

మెయిన్ ఫ్యూజు పోయింది. ఇంజిన్ తిరిగేటప్పుడు బ్యాటరీని ఛార్జ్ చేసే ఆల్టర్నేటర్‌లోని డయోడ్లు కరెంటును బ్యాటరీ వైపు మాత్రమే పోనిస్తాయి. బ్యాటరీ తిరగబడితే అవే డయోడ్లు బార్లా తెరుచుకున్న తలుపులవుతాయి. ఒక్కసారిగా వందల ఆంపియర్లు పారి ఫ్యూజు కాలుతుంది. అది వెంటనే కాలితే చాలాసార్లు మిగతావి బతుకుతాయి. అందుకే దాని స్థానంలో రాగి తీగ చుట్టడం మహా ప్రమాదం, వైరింగ్ అంతా అంటుకుంటుంది. అంతే ఆంపియర్ల ఫ్యూజే వేయాలి.

అయితే కొత్త ఫ్యూజు వేసి నేరుగా బ్యాటరీ కలపకండి. డయోడ్ షార్ట్ అయి ఉంటే అదీ పోతుంది. 21 వాట్ల ఇండికేటర్ బల్బు ఒకటి తీసుకోండి (లారీ అయితే 24 వోల్టులది). ప్లస్ సరిగ్గా బిగించి, బ్యాటరీ మైనస్‌కూ ఎర్త్ కేబుల్‌కూ మధ్య ఆ బల్బు పెట్టండి. తాళం ఆఫ్‌లో, తలుపులు మూసి ఉండాలి. ఎంత షార్ట్ ఉన్నా బల్బు 2 ఆంపియర్లు కూడా దాటనివ్వదు, కాబట్టి ఫ్యూజుకు భయం లేదు. బల్బు వెలగకపోతే, లేదా మినుకుమంటే, పెద్ద షార్ట్ లేనట్టే. నిండుగా వెలిగితే ఎక్కడో షార్ట్ ఉంది. అప్పుడు మైనస్ విప్పి, ఆల్టర్నేటర్ వెనక లావు వైరు తీసి కొసకు టేపు చుట్టి, మళ్లీ బల్బు పెట్టండి. ఆరిపోయిందా, తప్పు డయోడ్లది. ఇంకా వెలుగుతుంటే చిన్న ఫ్యూజులు ఒక్కొక్కటే పీకుతూ పోండి. ఏది పీకితే ఆరిందో షార్ట్ ఆ లైనులో ఉంది. ఈ పది నిమిషాల పని చేయకుండా ఎవరైనా ఏ పార్టు మార్చమన్నా ఒప్పుకోకండి.

సమస్య: బండి స్టార్ట్ అవుతుంది, కానీ బ్యాటరీ గుర్తు ఆరదు. లేదా తెల్లారేసరికి బ్యాటరీ దిగిపోతుంది.

ఇంజిన్ నడుస్తుండగా బ్యాటరీ దగ్గర 13.8 నుంచి 14.5 వోల్టులు రావాలి. 12 దగ్గరే ఉంటే ఆల్టర్నేటర్‌లో డయోడ్లు బిగించిన ప్లేటు గానీ, వోల్టేజీని అదుపులో ఉంచే రెగ్యులేటర్ గానీ పోయింది. బ్యాటరీ దిగిపోతుంటే షార్టయిన డయోడ్ గుండా రాత్రంతా కరెంటు కారుతోందని అనుమానించాలి. ఆల్టర్నేటర్ మొత్తం మార్చనక్కర్లేదు, ఆ ప్లేటూ రెగ్యులేటరూ విడిగా దొరుకుతాయి.

సమస్య: సెల్ఫ్ తిరుగుతుంది, ఇంజిన్ అందుకోదు.

ఈసీయూ (ఇంజిన్‌ను నడిపించే కంప్యూటర్) ఫ్యూజు, ఫ్యూయల్ పంపు ఫ్యూజు చూడండి. కొత్తది వేసిన వెంటనే మళ్లీ కాలితే ఆగిపోండి. ఈసీయూ లోపల రక్షణ కోసం పెట్టిన డయోడ్ షార్టయి ఉండొచ్చు. బోర్డు రిపేరు తెలిసినవారికి చూపించాకే కొత్త ఈసీయూ మాట ఎత్తండి. టేప్‌రికార్డర్ ఫ్యూజు పదేపదే పోయినా కారణం చాలావరకు ఇలాంటిదే. డీజిల్ పంపు మెకానికల్‌గా పనిచేసే పాత ట్రాక్టర్లలో ఈ బాధ లేదు, ఆల్టర్నేటర్ చూసుకుంటే చాలు.

మా బండికి రెండు డయోడ్లు పోయాయి. ప్లేటు మార్చి స్టార్ట్ చేస్తే మీటరు 14.1 చూపింది. ఆ రోజే ప్లస్ క్లాంపుకు ఎర్ర పెయింటు వేశాను. మామూలు గుండ్రటి టెర్మినళ్లలో ప్లస్ కాస్త లావుగా ఉంటుంది, చీకట్లో వేలితో తడిమినా తెలుస్తుంది. కొత్త బ్యాటరీ కొనేటప్పుడు ప్లస్ ఎడమా కుడా అని పాతదానితో పోల్చి చూసుకోండి. కేబుల్ అందక సాగదీయాల్సి వస్తోందంటే బిగించకుండా ఆగండి.