ఒక కంపెనీ గురించి, ఒక పరిశ్రమ గురించి గ్రంథాలయంలో పరిశోధన చేయడం ఎలా?

విశాఖపట్నంలో ఒక కంపెనీ గురించి తెలుసుకోవలసిన అవసరం రకరకాలుగా వస్తుంది. ఇంటర్వ్యూకు పిలుపు వచ్చిన ఇంజనీరింగ్ పట్టభద్రుడికి, ప్రాజెక్టు రిపోర్టు రాయవలసిన ఎంబీఏ విద్యార్థికి, రొయ్యల ప్రాసెసింగ్ యూనిట్లకు అట్టపెట్టెలు సరఫరా చేయాలనుకునే చిన్న వ్యాపారికి, పరవాడ వైపో అచ్యుతాపురం వైపో తన పొలం పక్కన రాబోయే కర్మాగారం ఏమిటో తెలియక సతమతమయ్యే రైతుకు కావలసిన సమాచారం ఒకటి కాదు. అయినా పద్ధతి మాత్రం నలుగురికీ ఒకటే. ఏ కంపెనీ అయినా వాటాదారులకు తన గురించి ఒక రకంగా చెబుతుంది, అప్పిచ్చే బ్యాంకుకు మరో రకంగా చెబుతుంది, పర్యావరణ అనుమతి ఇచ్చే ప్రభుత్వానికి ఇంకో రకంగా చెబుతుంది. అవి అబద్ధాలని కాదు. అడిగేవారిని బట్టి ఏ వివరం ముందుకు వస్తుందో, ఏది వెనక్కి పోతుందో మారుతుంది. ఆ కాగితాలన్నిటినీ సంపాదించి పక్కపక్కన పెట్టుకొని చదవడమే అసలైన పరిశోధన.

ముందు ప్రశ్న రాసుకోండి

గ్రంథాలయానికి బయలుదేరే ముందు, తెలుసుకోవలసినదేమిటో ఒక్క వాక్యంలో కాగితం మీద పెట్టాలి. "రొయ్యల పరిశ్రమ గురించి" అనేది ప్రశ్న కాదు. "విశాఖ చుట్టుపక్కల ప్రాసెసింగ్ యూనిట్లు ఏటా ఎన్ని టన్నుల సరుకు పెట్టెల్లో నింపుతాయి, వాటిలో బిల్లులు సకాలంలో చెల్లించగల స్థోమత ఎన్నింటికి ఉంది" అనేది ప్రశ్న. ఇలా రాసుకుంటే అందులో రెండు భాగాలున్నాయని వెంటనే తెలుస్తుంది: మొదటిది పరిశ్రమకు సంబంధించినది, రెండోది విడివిడి కంపెనీలకు సంబంధించినది. ఈ రెండింటికీ ఆధారాలు వేరు, అవి దొరికే చోట్లు కూడా వేరు.

కంపెనీ ఏదో తేల్చుకోండి

ఒకే పేరు పోలికతో నాలుగైదు సంస్థలుండటం మామూలే కనుక, కంపెనీ గుర్తింపు సంఖ్యతో మొదలుపెట్టడం మంచిది. కార్పొరేట్ వ్యవహారాల మంత్రిత్వ శాఖ వెబ్‌సైటులో పేరుతో వెదికితే 21 అక్షరాలు, అంకెల ఈ సంఖ్య దొరుకుతుంది. చదవడం తెలిస్తే అదే చాలా సంగతులు చెబుతుంది. ఉదాహరణకు, విశాఖ ఉక్కు కర్మాగారాన్ని నడిపే రాష్ట్రీయ ఇస్పాత్ నిగమ్ సంఖ్య యూ27109ఏపీ1982జీఓఐ003404. మొదటి అక్షరం యూ అంటే స్టాక్ ఎక్స్చేంజీలో నమోదు కాని కంపెనీ అని అర్థం. నమోదైనదైతే అక్కడ ఎల్ ఉంటుంది. తరువాతి ఐదు అంకెలు పరిశ్రమను, ఏపీ రాష్ట్రాన్ని, 1982 కంపెనీ ఏర్పడిన సంవత్సరాన్ని, జీఓఐ కేంద్ర ప్రభుత్వ సంస్థ అన్న సంగతిని, చివరి ఆరంకెలు రిజిస్ట్రేషన్ నంబరును తెలుపుతాయి.

ఇక్కడ ఒక మెలిక ఉంది. ఈ సంఖ్యలోని 27 అనేది, పరిశ్రమలకు ప్రభుత్వం కోడ్‌లు ఇచ్చే జాతీయ పారిశ్రామిక వర్గీకరణ పాత ముద్రణల్లో ఇనుము, ఉక్కు వంటి మూల లోహాల విభాగం. 2008 వర్గీకరణలో మూల లోహాలు 24కు మారి, 27 విద్యుత్ పరికరాలకు వెళ్లింది. కాబట్టి గుర్తింపు సంఖ్యలోని పరిశ్రమ కోడ్‌ను పట్టుకొని నేరుగా నేటి గణాంకాల్లోకి వెళితే ఉక్కుకు బదులు మోటార్లు, ట్రాన్స్‌ఫార్మర్ల లెక్కలు చేతికొస్తాయి. కోడ్ ఏ సంవత్సరపు వర్గీకరణకు చెందినదో చూసుకున్న తరువాతే ముందుకు వెళ్లాలి.

రిజిస్టర్డ్ కార్యాలయం ఉన్న ఊళ్లోనే కర్మాగారం ఉంటుందని అనుకోవడం కూడా పొరపాటే. రొయ్యల మేత తయారుచేసే అవంతి ఫీడ్స్ రిజిస్టర్డ్ కార్యాలయం విశాఖపట్నంలో ఉండగా, దాని ప్రధాన కర్మాగారాలు గోదావరి జిల్లాల్లో ఉన్నాయి. ఆంధ్రా పెట్రోకెమికల్స్ సంగతి దీనికి తలకిందులు: రిజిస్టర్డ్ కార్యాలయం తణుకులో, కర్మాగారం విశాఖలో. చిరునామాను బట్టి జాబితా తయారుచేస్తే మొదటిది అనవసరంగా చేరిపోతుంది, రెండోది జారిపోతుంది.

ఎక్కడికి వెళ్లాలి, ఏమడగాలి

ప్రభుత్వ ప్రచురణలు, గణాంక సంపుటాలు, పాత పత్రికల కట్టలు వెదకడానికి విశ్వవిద్యాలయ గ్రంథాలయమే అనువైనది. నగరంలో అందరికీ తెలిసినది ఆంధ్ర విశ్వవిద్యాలయంలోని డాక్టర్ వి.ఎస్.కృష్ణా గ్రంథాలయం. విద్యార్థులు కానివారు నేరుగా వెళ్లి అల్మరాల ముందు నిలబడకుండా, తాము చూడదలచినదేమిటో రాసిన ఉత్తరంతో ముందుగా అనుమతి అడగాలి. దినపత్రికలకు, సాధారణ రిఫరెన్స్ పుస్తకాలకు ద్వారకానగర్‌లోని పౌర గ్రంథాలయం, జిల్లా గ్రంథాలయ సంస్థ శాఖలు ఉన్నాయి. మనం కట్టే ఇంటి పన్నులో గ్రంథాలయ పన్ను కూడా కలిసే ఉంటుంది కనుక, అక్కడ అడగడానికి మొహమాటపడనక్కరలేదు.

ప్రోవెస్, క్యాపిటలైన్ వంటి కంపెనీల డేటాబేసులకు చందా ఎక్కువ కాబట్టి అవి ప్రధానంగా మేనేజ్‌మెంట్ విద్యాసంస్థల్లోనే ఉంటాయి. వాటిని వాడుకునే వీలున్న స్నేహితుడు ఒక్కడున్నా పని తేలికవుతుంది: పదేళ్ల లెక్కలు ఒకే పట్టికలో వస్తాయి. ఆ వీలు లేనివారు నిరాశపడవలసిన పని లేదు. డేటాబేసులోని అంకెలు చాలావరకు వార్షిక నివేదికల నుంచి ఎక్కించినవే. శ్రమ పెరుగుతుంది తప్ప సమాచారం దొరకకుండా పోదు.

లైబ్రేరియన్‌ను "కంపెనీల పుస్తకాలు ఉన్నాయా" అని అడిగితే వచ్చే జవాబు వేరు, "మత్స్య ఎగుమతులపై గత ఐదేళ్ల గణాంకాలు ఏ సంపుటంలో ఉంటాయి" అని అడిగితే వచ్చే జవాబు వేరు. పుస్తకాలను విషయాన్ని బట్టి అంకెలతో అమర్చే డ్యూయీ వర్గీకరణ పాటించే చోట పరిశ్రమల ఆర్థిక విషయాలు 338 దగ్గర, లోహ పరిశ్రమ సాంకేతిక విషయాలు 669 దగ్గర, చేపలు, రొయ్యల పెంపకం 639 దగ్గర ఉంటాయి. డైరెక్టరీలు, ఇయర్‌బుక్‌లు మాత్రం రిఫరెన్స్ విభాగంలో విడిగా పెడతారు, ఇంటికి ఇవ్వరు.

వార్షిక నివేదికను వెనక నుంచి చదవండి

స్టాక్ ఎక్స్చేంజీలో నమోదైన కంపెనీ అయితే వార్షిక నివేదిక ఉచితంగా దొరుకుతుంది. రంగుల బొమ్మలతో, ఛైర్మన్ సందేశంతో మొదలయ్యే ఆ నివేదికను వెనక వైపు నుంచి తెరవడమే నా సలహా. ఆస్తి అప్పుల పట్టీ కింద ఉండే వివరణలు చిన్న అక్షరాల్లో, నీరసంగా ఉంటాయి. పనికొచ్చేవన్నీ అక్కడే ఉంటాయి. కోర్టుల్లో నలుగుతున్న పన్ను తగాదాలు, ప్రమోటర్ల (కంపెనీని స్థాపించి నడిపించేవారి) సొంత సంస్థలతో జరిగిన లావాదేవీలు, చిన్న సరఫరాదారులకు చెల్లించవలసిన బకాయిలు ఆ వివరణల్లో కనిపిస్తాయి. అట్టపెట్టెల వ్యాపారి మొదట చూడవలసింది ఈ చివరి అంశాన్నే. దానికి ముందుండే ఆడిటర్ నివేదికలో ఆడిటర్ ప్రత్యేకంగా దృష్టికి తెచ్చిన పేరా ఏదైనా ఉంటే దాన్ని రెండుసార్లు చదవాలి.

లెక్కలు రెండు రకాలుగా ఉంటాయి: కంపెనీ ఒక్కదానివి, అనుబంధ సంస్థలతో కలిపినవి. అవంతి ఫీడ్స్ రొయ్యల ప్రాసెసింగ్, ఎగుమతి వ్యాపారాన్ని అవంతి ఫ్రోజెన్ ఫుడ్స్ అనే అనుబంధ సంస్థ ద్వారా నడుపుతుంది. అందువల్ల విడి లెక్కల్లో ప్రధానంగా మేత వ్యాపారమే కనిపిస్తుంది. ఎగుమతుల సంగతి తెలియాలంటే కలిపిన లెక్కలు, వాటిలోని విభాగాల వారీ వివరాలు చూడాలి. ఒక ఏడాదికి విడి లెక్క, మరో ఏడాదికి కలిపిన లెక్క రాసుకొని "టర్నోవర్ అమాంతం పెరిగింది" అని తేల్చిన ప్రాజెక్టు రిపోర్టులు ఎన్నో.

నమోదు కాని కంపెనీల విషయంలో

మన ప్రాంతంలోని సముద్రోత్పత్తుల కంపెనీల్లో చాలా వాటికి స్టాక్ మార్కెట్‌తో సంబంధం లేదు. అవి ప్రైవేట్ లిమిటెడ్‌లైతే, ఏటా దాఖలు చేసే ఆర్థిక పత్రాలను కార్పొరేట్ వ్యవహారాల శాఖ వెబ్‌సైటులో నిర్ణీత రుసుము చెల్లించి ఎవరైనా చూడవచ్చు. భాగస్వామ్య సంస్థలకు, సొంత పేరుతో నడిచే వ్యాపారాలకు ఈ సౌకర్యం వర్తించదు.

ఉచితంగా దొరికే మంచి ఆధారం, అప్పు తీర్చగల సత్తాను అంచనా వేసే రేటింగ్ సంస్థల నోట్లు. బ్యాంకు అప్పులకు క్రిసిల్, ఇక్రా, కేర్ వంటి సంస్థల రేటింగ్ తీసుకున్న కంపెనీల గురించి ఆ సంస్థల వెబ్‌సైట్లలో రెండు మూడు పేజీల వివరణ ఉంటుంది. వ్యాపారం బలమేమిటి, బలహీనత ఏమిటి, సరుకు అమ్మాక డబ్బు రావడానికి ఎన్నాళ్లు పడుతోంది అన్న విషయాలు సూటిగా రాస్తారు. పేరు పక్కన "ఇష్యూయర్ నాట్ కోఆపరేటింగ్" అని ఉంటే, రేటింగ్ సంస్థ అడిగిన సమాచారాన్ని కంపెనీ ఇవ్వలేదని అర్థం. అప్పుమీద సరుకు పంపే ముందు ఆ మాట కంటపడటం మంచిది.

రైతుకు పనికొచ్చేది మరొకటి. పర్యావరణ అనుమతి అవసరమైన పెద్ద ప్రాజెక్టులు ప్రభావ అంచనా నివేదిక సమర్పించాలి. ప్రజాభిప్రాయ సేకరణ జరిగే వాటికి స్థానిక భాషలో సారాంశం కూడా ఇవ్వాలని 2006 నాటి నోటిఫికేషన్ చెబుతోంది. ఏ ముడిసరుకు ఎంత వాడతారు, నీళ్లు ఎక్కడి నుంచి తెస్తారు, వ్యర్థాలు ఎక్కడికి పంపుతారు, ఎందరికి ఉద్యోగాలిస్తారు అన్నవి అందులో ఉంటాయి. కేంద్ర పర్యావరణ శాఖ పరివేష్ పోర్టల్‌లో దరఖాస్తులు, అనుమతి పత్రాలు వెదకవచ్చు.

పరిశ్రమ అంకెలు చదివే తీరు

పరిశ్రమ మొత్తం లెక్కలకు ప్రతి రంగానికీ ఒక ప్రభుత్వ ప్రచురణ ఉంటుంది. ఉక్కుకు ఉక్కు మంత్రిత్వ శాఖ వార్షిక నివేదిక, ఖనిజాలకు నాగపూర్‌లోని ఇండియన్ బ్యూరో ఆఫ్ మైన్స్ వెలువరించే ఇయర్‌బుక్, కర్మాగారాలన్నిటికీ కలిపి వార్షిక పరిశ్రమల సర్వే, మత్స్య ఎగుమతులకు కొచ్చిలోని సముద్రోత్పత్తుల ఎగుమతి అభివృద్ధి సంస్థ గణాంకాలు. వార్షిక పరిశ్రమల సర్వేలో విడి కంపెనీల పేర్లు ఉండవు, మొత్తాలే ఉంటాయి.

మత్స్య ఎగుమతుల అంకెలనే దగ్గరగా చూద్దాం. 2022-23లో దేశం నుంచి 17,35,286 టన్నుల సముద్రోత్పత్తులు ₹63,969.14 కోట్ల విలువకు వెళ్లాయి. 2023-24లో 17,81,602 టన్నులు వెళ్లగా విలువ ₹60,523.89 కోట్లకు తగ్గింది. అంటే సరుకు పెరిగింది, డబ్బు తగ్గింది. భాగహారం చేస్తే కిలోకు సుమారు ₹369 నుంచి ₹340కి పడిపోయినట్టు తేలుతుంది. పెట్టెలు అమ్మేవాడికి టన్నులు ముఖ్యం కనుక మొదటి చూపులో ఇది మంచి సంవత్సరంలాగే ఉంటుంది. కానీ ఆ పెట్టెలు కొనేవాడి చేతిలో ఆడే డబ్బు రెండో అంకెలో ఉంది. రెండింట్లో ఏది వదిలేసినా అంచనా తప్పుతుంది. అలాగే విశాఖ పోర్టు గుండా వెళ్లిన రొయ్యలన్నీ విశాఖ రొయ్యలు కావు. గోదావరి జిల్లాల చెరువుల్లో పెరిగిన సరుకు కూడా అందులో ఉంటుంది.

జిల్లా లెక్కలతో మరింత జాగ్రత్త అవసరం. 2022 ఏప్రిల్ 4న జిల్లాల పునర్విభజన జరిగి, పాత విశాఖపట్నం జిల్లా నుంచి అనకాపల్లి, అల్లూరి సీతారామరాజు జిల్లాలు వేరయ్యాయి. పరవాడ, అచ్యుతాపురం పారిశ్రామిక ప్రాంతాలు అనకాపల్లి జిల్లాలోకి వెళ్లాయి. 2021 లెక్కను, 2023 లెక్కను ఒకే వరుసలో పెట్టి చూస్తే విశాఖలో పరిశ్రమలు మూతపడినట్టు కనిపిస్తుంది. రాష్ట్ర స్థాయిలో 2014 జూన్ 2కు ముందున్న అంకెల్లో తెలంగాణ కలిసి ఉంటుంది.

పరిశ్రమ గురించి ఒకేచోట చక్కగా చదవాలంటే పబ్లిక్ ఇష్యూకు వచ్చిన, అంటే ప్రజలకు వాటాలు అమ్మజూపిన కంపెనీలు అప్పుడు వెలువరించే వివరపత్రాన్ని, ప్రాస్పెక్టస్‌ను మించినది లేదు. కాకినాడకు చెందిన అపెక్స్ ఫ్రోజెన్ ఫుడ్స్ 2017లో ఇష్యూకు వచ్చింది. ఇటువంటి పత్రంలో పరిశ్రమ తీరుతెన్నులపై ఒక అధ్యాయం, పొంచి ఉన్న ప్రమాదాలపై ఒక అధ్యాయం ఉంటాయి. రెండోది తప్పక చదవాలి. కంపెనీ తన కష్టాలను తన నోటితో ఏకరువు పెట్టే సందర్భం ఇంకెక్కడా కనిపించదు.

పాత సంగతులు, పాత పేర్లు

కేటలాగులో ఇప్పటి పేరుతో మాత్రమే వెదికితే చరిత్ర సగమే దొరుకుతుంది. కోరమాండల్ ఇంటర్నేషనల్ 2009కి ముందు కోరమాండల్ ఫెర్టిలైజర్స్. హెచ్‌పీసీఎల్ విశాఖ రిఫైనరీ మొదట 1957లో కాల్టెక్స్ అనే చమురు సంస్థది. హిందుస్థాన్ షిప్‌యార్డును 1941లో సింధియా స్టీమ్ నావిగేషన్ సంస్థ మొదలుపెట్టింది. 2010లో అది రక్షణ మంత్రిత్వ శాఖ కిందికి మారింది. అందువల్ల అంతకుముందు సంగతులను నౌకాయాన శాఖ నివేదికల్లో, తరువాతివి రక్షణ శాఖ నివేదికల్లో వెదకాలి.

సంపుటాలు అచ్చయ్యేసరికి ఏడాదో రెండేళ్లో గడిచిపోతాయి. 2025 ఆగస్టులో అమెరికా భారతదేశ సరుకుల మీద సుంకాన్ని 50 శాతానికి పెంచడం వంటి పరిణామాలకు దినపత్రికలే ఆధారం. 1974 ఆగస్టు 10న విశాఖలోనే మొదలైన ఈనాడు మొదలుకొని, స్థానిక సంచికల పాత కట్టలు ఎక్కడ దొరికినా వదలకూడదు. సమ్మెలు, ప్రమాదాలు, భూసేకరణ తగాదాలు జిల్లా పేజీల్లో వచ్చినంత వివరంగా మరెక్కడా రావు.

నోట్సులో ప్రతి అంకె పక్కన నాలుగు విషయాలు రాసుకోవాలి: ఎక్కడిది, ఏ ఆర్థిక సంవత్సరానిది, లక్షలా కోట్లా, విడి లెక్కా కలిపిన లెక్కా. రెండు పత్రాల్లో అంకెలు పొసగకపోతే ఏది తప్పో తేల్చడానికి తొందరపడకుండా, అవి ఎవరికోసం రాసినవో చూడాలి. ఒకే యూనిట్‌కు పర్యావరణ అనుమతిలో ఒక సామర్థ్యం, వార్షిక నివేదికలో అంతకన్నా తక్కువ, రేటింగ్ నోటులో ఇంకా తక్కువ కనిపించవచ్చు. మొదటిది ప్రభుత్వం ఒప్పుకున్న గరిష్ఠ పరిమితి, రెండోది యంత్రాలు బిగించిన మేర, మూడోది ఆ సంవత్సరం నిజంగా నడిచిన మేర. రైతు పట్టించుకోవలసింది మొదటిదాన్ని. అట్టపెట్టెల వ్యాపారి తన ఆర్డర్లు లెక్కవేసుకోవలసింది మూడోదానితో.