కత్తిరి ఎండల్లో ఆర్సీ బండ్ల రిపేర్లు: ముందే తీసుకోవలసిన జాగ్రత్తలు

పరీక్షలు అయిపోగానే అటక మీది ఆర్సీ (రిమోట్‌తో నడిచే) బొమ్మ కార్లు, విమానాలు కిందికి దిగుతాయి. తిరుపతిలోనైనా చిత్తూరులోనైనా ఈ హాబీకి అసలు సీజన్ ఎండాకాలమే. పిల్లలకు సెలవులు, స్కూలు గ్రౌండ్లు ఖాళీ, స్వర్ణముఖిలో ఎండిన ఇసుక. మోటారు మార్చడం, కొత్త బాడీకి రంగు కొట్టడం, తెగిన వైర్లు అతికించడం, అన్నీ ఈ రెండు నెలల్లోనే పెట్టుకుంటాం. ప్రమాదం ఎక్కువున్న రోజులూ ఇవే. మే 4 ప్రాంతంలో డొల్లు కర్తరి మొదలై, 11 ప్రాంతానికి నిజ కర్తరిలోకి వెళ్లి, 28 దాకా కాస్తుంది. ఆ రోజుల్లో పగలు 40 డిగ్రీలు దాటడం మనకు మామూలే. అంత వేడిలో మనం ఇంట్లో పెట్టుకుని ఛార్జి చేసే లైపో (లిథియం పాలిమర్) బ్యాటరీ మీద నాకు అన్నిటికంటే ఎక్కువ భయం. అందుకే కింద రాసిన దాంట్లో సగం దాని గురించే ఉంటుంది.

లైపోలో ఒక్కో సెల్లు 3.7 వోల్టులు. నిండా ఛార్జి అయితే 4.2. నడుపుతూ నడుపుతూ 3.0 కిందికి పోనిస్తే సెల్లు లోపల పాడవుతుంది, 4.2 దాటిస్తే మంట అంటుకునే ప్రమాదం. కాబట్టి ఛార్జర్ మీద సెల్లుల లెక్క తప్పు పెట్టడం చిన్న పొరపాటు కాదు. రెండు సెల్లుల ప్యాక్‌ను మూడు సెల్లులదని పెడితే 8.4 దగ్గర ఆగాల్సింది 12.6 దాకా తోసేస్తుంది. ప్యాక్ మీద 2ఎస్ (రెండు సెల్లులు) అని ఉందా 3ఎస్ (మూడు సెల్లులు) అని ఉందా కళ్లతో చూసి, ఛార్జర్ తెరమీద అదే అంకె ఉందో లేదో చూసి, అప్పుడే బటన్ నొక్కండి. సన్న వైర్ల బాలన్స్ ప్లగ్గు కూడా పెట్టి సెల్లులన్నిటినీ సమానంగా నింపే బాలన్స్ మోడ్‌లోనే ఛార్జి చేయండి. కరెంటు ఎంత పెట్టాలో గుర్తుంచుకోవడం సులువు: 5000 ఎంఏహెచ్ ప్యాక్‌కు 5 ఆంపియర్లు, 2200 ఎంఏహెచ్‌కు 2.2. ఇంకా ఎక్కువ తట్టుకుంటుందని ప్యాక్ మీద రాసి ఉన్నా ఈ ఎండల్లో దీన్ని మించవద్దు.

మా వీధిలో తొమ్మిదో తరగతి పిల్లాడొకడు వచ్చి, "మామా, పాత బండి ఛార్జర్ ఉంది కదా, కొత్త బ్యాటరీకి ప్లగ్గు మార్చి దాన్నే పెట్టుకోనా?" అని అడిగాడు. పాత బండిది నికెల్ మెటల్ హైడ్రైడ్ ఛార్జర్. "వద్దు నాయనా, లైపో 4.2 దగ్గర ఆగాలని దానికి తెలియదు. మీ నాన్నను అడిగి వేరేది కొనుక్కో, అందాకా పాత బ్యాటరీతోనే ఆడుకో" అన్నాను. ప్లగ్గు సరిపోయినంత మాత్రాన ఛార్జర్ సరిపోదు. పిల్లలున్న ఇంట్లో పెద్దవాళ్లు కనీసం ఈ ఒక్కటైనా తెలుసుకోవాలి.

ఇక వేడి సంగతి. లిథియం బ్యాటరీని 45 డిగ్రీలకు మించిన వేడిలో ఛార్జి చేయకూడదు. మధ్యాహ్నం రెండింటికి మిద్దె మీది రేకుల గదిలో వేడి సులువుగా ఆ గీత దాటుతుంది. అందుకని ఛార్జింగు తెల్లవారుజామునో, పొద్దుగుంకాకో పెట్టుకోండి. ఆడి వచ్చిన ప్యాక్ చేతికి వెచ్చగా ఉన్నంతసేపు ఛార్జి జోలికి పోవద్దు. నీడలో పెట్టి, చల్లారాక చూడండి. బయట 40 ఉంటే ఎండలో నిలిపిన కారు లోపల 60 దాటుతుంది, కాబట్టి గ్రౌండు దగ్గర కార్లో గానీ స్కూటర్ డిక్కీలో గానీ ప్యాక్‌లు వదిలేసి టీకి వెళ్లవద్దు. రేపు ఆడదామని ఈరోజే నిండా ఛార్జి చేసి పెట్టడం మనలో చాలామందికి అలవాటు. నిండిన ప్యాక్ వేడిలో పడి ఉంటే ఉబ్బుతుంది. రెండు మూడు రోజులు ఆడేది లేకపోతే సెల్లుకు 3.8 దగ్గరికి తెచ్చి పెట్టండి, మంచి ఛార్జర్లలో దీనికి స్టోరేజ్ అనే మోడ్ ఉంటుంది.

ఛార్జి పెట్టే చోటు కూడా ముఖ్యమే. మంచం మీద, సోఫా మీద, దేవుడి గది పక్కన, గ్యాస్ సిలిండర్ ఉన్న వంటింట్లో వద్దు. వరండాలో బండపరుపు మీద ఒక మట్టి మూకుడో, పాత ఇనుప బాణలియో పెట్టి అందులో ప్యాక్ ఉంచండి. పక్కనే బక్కెట్టు నిండా పొడి ఇసుక ఉండాలి. ఇసుక లైపో మంటను పూర్తిగా ఆర్పేయలేదు, చుట్టుపక్కలకు పాకకుండా అడ్డుకుంటుంది, మనకు తప్పుకునే టైము ఇస్తుంది. ఆ పొగలో హైడ్రోజన్ ఫ్లోరైడ్ అనే విషవాయువు ఉంటుంది. పొగ మొదలైతే ప్యాక్‌ను చేత్తో పట్టుకుని బయటికి పరుగెత్తే సాహసం వద్దు, మనుషుల్ని బయటికి పంపండి, మెయిన్ స్విచ్ ఆపండి, 101కి ఫోన్ చేయండి. ఛార్జింగు నడుస్తుండగా నిద్రపోవడం, గుడికి వెళ్లడం కూడదు. మధ్యలో కరెంటు పోయి వస్తే దాని మానాన దాన్ని వదిలేయకుండా ప్లగ్గు తీసి, సెట్టింగు మళ్ళీ చూసుకుని మొదలుపెట్టండి.

ఉబ్బిన ప్యాక్‌ను వేలితో నొక్కితే దిండులా మెత్తగా, లోపల గాలి కదిలినట్టు ఉంటుంది. దాన్ని సూదితో పొడిచి గాలి తీసేయాలనే ఆలోచన రానివ్వవద్దు. ఇంకొక్కసారి ఛార్జి చేసి చూద్దామని కూడా అనుకోవద్దు. ఆరుబయట ఇసుకలో పెట్టి, మూడు సెల్లుల ప్యాక్ అయితే కారు ఇండికేటర్ బల్బు లాంటి 12 వోల్టుల బల్బు తగిలించి మెల్లగా ఖాళీ చేయండి. పై తొడుగు చినిగి ఉంటే అదీ వద్దు, ఇసుక డబ్బాలోనే ఉంచండి. తర్వాత ప్లగ్గు మూతికి టేపు చుట్టి, ఈ-వ్యర్థాలు తీసుకునే వాళ్లకే ఇవ్వండి. 2022 బ్యాటరీ వ్యర్థాల నిబంధనల ప్రకారం వాడేసిన బ్యాటరీలు ఇంటి చెత్తలో కలపకూడదు. చెత్త బండిలో నలిగితే అక్కడ పనిచేసే వాళ్ల చేతుల్లోనే అంటుకుంటుంది. దీన్ని దయచేసి తేలిగ్గా తీసుకోవద్దు.

సోల్డరింగు దగ్గరికొస్తే, మన ఎలక్ట్రికల్ షాపుల్లో మామూలుగా దొరికే 25 వాట్ల ఐరన్ బ్యాటరీ వైర్లకు చాలదు. లావు వైరు వేడెక్కడానికి చాలాసేపు పడుతుంది, ఆలోపు ప్లగ్గు ప్లాస్టిక్ కరుగుతుంది. 60 వాట్లది వాడి చకచకా ముగించండి. ఎక్స్‌టీ60 అనే బ్యాటరీ ప్లగ్గును అతికించేటప్పుడు దాని జత ప్లగ్గును తగిలించి ఉంచితే పిన్నులు పక్కకు జరగవు. అతుకును కప్పే హీట్ ష్రింక్ (వేడికి ముడుచుకునే) ట్యూబును ముందే వైరుకు ఎక్కించుకోవాలి. బ్యాటరీ వైపు ప్లగ్గు మార్చాలంటే ఒకే ఒక నియమం: ఒక్కసారికి ఒక్క వైరే. ఎర్ర వైరు కత్తిరించి, అతికించి, ట్యూబు వేసి మూసేశాకే నల్ల వైరు ముట్టండి. కత్తెర మొన రెండు వైర్లనూ కలిపి కొరికిందంటే అక్కడికక్కడే షార్టు, నిప్పులు. ఎరుపు, నలుపు తారుమారైతే మోటారు వేగాన్ని అదుపుచేసే ఈఎస్‌సీ ఒక్క క్షణంలో కాలిపోతుంది.

ఉక్కపోతకు తట్టుకోలేక ఫ్యాను వేసుకుంటాం, ఐరన్ మొన చల్లారుతోందని మళ్ళీ ఆపి కిటికీ కూడా మూస్తాం. కిటికీ మూయవద్దు. టంకంలోని ఫ్లక్స్ (అతుకు పట్టేందుకు వాడే పదార్థం) పొగ ఊపిరికి మంచిది కాదు, టేబుల్ ఫ్యాను పొగను మీ ముఖం నుంచి బయటికి లాగేలా తిప్పి పెట్టుకోండి. టంకంలో సీసం ఉంటుంది కాబట్టి పని మధ్యలో మామిడికాయ ముక్కలు నోట్లో వేసుకోవడాలు వద్దు, సబ్బుతో చేతులు కడుక్కున్నాకే. టైర్లను రిమ్ముకు అతికించే ఫెవిక్విక్ లాంటి జిగురుతో ఇంకో ప్రమాదం ఉంది: నూలు గుడ్డకు తగిలితే అది బాగా వేడెక్కి చర్మం కాలుస్తుంది. ఒలికిన జిగురును లుంగీతోనో పాత బనియనుతోనో తుడవద్దు.

వేగం పెంచాలని పెద్ద పినియన్ (మోటారు ఇరుసు మీది చిన్న గేరు) వేయడం ఈ సెలవుల్లో అందరూ చేసే మార్పు. పినియన్‌కు పళ్లు పెరిగితే వేగంతో పాటు మోటారు మీద బరువూ, వేడీ పెరుగుతాయి. చలికాలంలో సరిపోయిన గేరు మేలో మోటారును కాల్చేయగలదు. నా సలహా అయితే ఈ రెండు నెలలు ఒక పన్ను తక్కువే ఉంచండి. మార్చి తీరాలంటే ఒక్కో పన్నే పెంచుతూ, మూడు నిమిషాలు నడిపి మోటారు వేడి చూడండి. 80 డిగ్రీలు దాటితే వెనక్కి రండి. పినియన్‌కూ, అది తిప్పే పెద్ద గేరు స్పర్‌కూ మధ్య నోటుపుస్తకం కాగితం ముక్క పెట్టి బిగించి, తర్వాత లాగేస్తే సందు సరిగ్గా వస్తుంది.

బల్ల మీద చక్రాలు గాల్లో పెట్టి ఫుల్ థ్రాటిల్ ఇవ్వవద్దు, బ్రష్‌లెస్ మోటారుకు టైర్లు ఉబ్బి రిమ్ము నుంచి ఊడి ముఖానికి తగలవచ్చు. విమానమో, డ్రోనో బాగుచేస్తుంటే ప్రొపెల్లర్లు విప్పేయనిదే బ్యాటరీ పెట్టవద్దు. ఎప్పుడైనా ముందు రిమోట్ ఆన్, తర్వాత బండి. ఆపేటప్పుడు ముందు బండి, తర్వాత రిమోట్. ఇసుకలో ఆడాక పంక్చర్ షాపులో గాలి కొట్టించి దుమ్ము వదిలిస్తాం కదా, కళ్లజోడు పెట్టుకుని, మోటారు ఫ్యాన్ తిరగకుండా వేలితో పట్టుకుని కొట్టించండి.

బాడీ రంగు గురించి రెండు ముక్కలు. పాలికార్బొనేట్ (పారదర్శక ప్లాస్టిక్) బాడీని గిన్నెల సబ్బుతో కడిగి, లోపలివైపునే రంగు కొట్టాలి. స్ప్రే డబ్బాలను 50 డిగ్రీలు దాటే చోట ఉంచకూడదు, మిద్దె మీద ఎండలో అసలు వదలవద్దు.

ఎగరేసే వాళ్లకు ఎండతో పాటు చట్టమూ ఉంది. 2021 డ్రోన్ నిబంధనల ప్రకారం విమానాశ్రయం హద్దు నుంచి 8, 12 కిలోమీటర్ల మధ్య 200 అడుగులు దాటితే అనుమతి కావాలి, దగ్గరికి వచ్చేకొద్దీ కట్టుబాట్లు ఇంకా ఎక్కువ. రేణిగుంట, తిరుచానూరు వైపు గ్రౌండ్లకు వెళ్లే వాళ్లు ఎక్కడ ఎగరేయవచ్చో చూపే ప్రభుత్వ డిజిటల్ స్కై మ్యాపు చూడకుండా బయల్దేరవద్దు. తిరుమల కొండ మీద డ్రోన్ నిషేధం, అలిపిరి నుంచి చిన్నది లేపితే ఏమవుతుందిలే అనుకోవద్దు.

శేషాచలం అంచున, కొండ కింద ఎగరేయడం మీద నాకు గట్టి అభ్యంతరమే ఉంది. 2010లో జీవావరణ రిజర్వుగా ప్రకటించిన అడవి అది. మేలో గడ్డి ఎండుటాకులా ఉంటుంది. విమానం కూలి లైపో చీలితే వెంటనే అంటుకోకపోవచ్చు, పావుగంట తర్వాత పొగ రావచ్చు, అప్పటికి మీరు వెతుకుతూ వేరే దిక్కున ఉంటారు. ఎగరేయాలంటే ఊరికి ఆ పక్క దున్నిన చేలు చూసుకోండి, రైతును అడిగి. కూలిన ప్యాక్‌ను సంచిలో వేసుకోకుండా మట్టి మీద ఒంటరిగా పెట్టి, కనీసం అరగంట కనిపెట్టి చూడండి.

చేయి కాలితే పసుపు, టూత్‌పేస్టు, సిరా ఏవీ పూయవద్దు. ఉంగరం, వాచీ తీసేసి, ధారగా పడే చల్లటి మామూలు నీళ్ల కింద 20 నిమిషాలు ఉంచండి, ఐస్ పెట్టవద్దు. లైపో పొగ పీల్చినా, కంట్లో ఏదైనా పడినా ఇంట్లో చూసుకుందాంలే అనకుండా 108కి ఫోన్ చేయండి, తిరుపతిలో ఉంటే రుయా ఆసుపత్రికి తీసుకెళ్లండి. ఏం బ్యాటరీ కాలిందో డాక్టరుకు చెప్పండి.